పరారుణ క్షితిజ సెన్సర్: కచ్చితత్వానికి హద్దు ఎక్కడుంది

ఉపగ్రహం తన ముఖం ఎటు తిప్పి ఉందో తేల్చుకోవడాన్ని దిగ్విన్యాస నిర్ణయం అంటారు. అందుకు వాడే పరికరాల్లో పరారుణ క్షితిజ సెన్సర్ పాతకాపు. మానవసహిత యాత్రల తొలి రోజుల నుంచి నేటి చిన్నపెట్టెంత క్యూబ్‌శాట్ల దాకా అది పనిలోనే ఉంది. చేసే పని వినడానికి తేలికే. అంతరిక్షం చల్లన, భూమి వెచ్చన. ఆ రెండూ కలిసే అంచును ఎదురెదురు వైపుల పట్టుకుంటే, వాటి నడిమధ్య భూకేంద్రం ఉన్న దిశ దొరుకుతుంది. దాన్నిబట్టి ఉపగ్రహం ముందుకో వెనక్కో ఎంత వాలిందో, పక్కకు ఎంత ఒరిగిందో తెలుస్తుంది. మొదటిదాన్ని పిచ్ అనీ రెండోదాన్ని రోల్ అనీ పిలుస్తారు. భూకేంద్రం వైపు గీసిన గీత చుట్టూ ఎంత మెలి తిరిగిందన్నది, అంటే యా కోణం, ఈ పరికరానికి అందదు. గుండ్రటి పళ్ళేన్ని ఎటు తిప్పినా అంచు ఒకేలా కనిపిస్తుంది కదా. ఇక కచ్చితత్వం సంగతి. తిరుగుడు రకం సెన్సర్లకు 0.1 డిగ్రీ నుంచి 1 డిగ్రీ వరకు, చూపు కదలని స్థిర రకాలకు సుమారు 0.1 నుంచి 0.25 డిగ్రీ వరకు అని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఒకే రకం పరికరానికి పది రెట్ల వెడల్పున్న శ్రేణి ఇవ్వడం వింతగా ఉంటుంది. థర్మామీటరుకో తూనికకో ఎవరూ అలా చెప్పరు. కారణం ఇదీ: ఆ అంకెలో పరికరం వాటా తక్కువ, భూమి వాటా ఎక్కువ. సెన్సర్ కొలిచే అంచు రాతితో చెక్కింది కాదు, గాలితో అయింది. ఆ గాలికి రుతువులున్నాయి, అక్షాంశాలున్నాయి, అప్పుడప్పుడు తుపానుల వంటివి కూడా ఉన్నాయి.

మామూలు కాంతిలోనే అంచును ఎందుకు చూడకూడదన్నది మొదటి ప్రశ్న. చూడొచ్చు గాని, భూమిలో సగం ఎప్పుడూ చీకట్లో ఉంటుంది. చంద్రకళల మాదిరే ఉపగ్రహానికి భూకళలు కనిపిస్తాయి. పగలూ రాత్రీ కలిసే గీతను అంచుగా పొరబడితే లెక్క పదుల డిగ్రీలు తప్పుతుంది. భూమి తనంతట తాను వెలువరించే వేడి కాంతికి ఈ బాధ లేదు, రాత్రీ పగలూ అది ఉంటుంది. ఈ ఉష్ణ వికిరణం బలం 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టూ ఎక్కువ. కానీ అక్కడే గాలి పారదర్శకం కూడా. 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య వాతావరణం తెరిచిన కిటికీ లాంటిది, దాని గుండా నేలా, సముద్రమూ, మేఘాల పైకప్పులూ నేరుగా కనిపిస్తాయి. మండే ఎడారి 310 కెల్విన్లు ఉంటే, ఉష్ణమండలపు ఎత్తైన ఉరుము మేఘం తల 200 కెల్విన్లకు దిగవచ్చు. ప్లాంక్ సూత్రంలో ఈ రెంటినీ 10 మైక్రాన్ల దగ్గర పెట్టి చూస్తే ఎడారి మేఘం కంటే దాదాపు 13 రెట్లు ప్రకాశిస్తుంది. అంచు మీద అలాంటి మేఘం కూర్చుంటే, దాన్ని సెన్సర్ అంతరిక్షంగానే లెక్కకట్టి భూమి అక్కడితో అయిపోయిందనుకుంటుంది. 1960ల తొలినాళ్లలో విశాలమైన పట్టీలో పనిచేసిన సెన్సర్లను చల్లని మేఘాల బెడద వెంటాడింది ఇందుకే. దీనికి విరుగుడు 15 మైక్రాన్ల దగ్గర దొరికింది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ వికిరణాన్ని గట్టిగా పీల్చుకుంటుంది, గట్టిగానే వెలువరిస్తుంది. నీటి ఆవిరిలా కాకుండా ఈ వాయువు గాలిలో అన్ని చోట్లా ఇంచుమించు ఒకే పాలులో కలిసి ఉంటుంది. 14 నుంచి 16 మైక్రాన్ల వడపోత పెట్టుకున్న సెన్సర్‌కు మేఘాలుండే దిగువ పొరలు అసలు కనిపించవు. అది చూసే భూమి, నిజమైన నేలకు సుమారు 40 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మసక గోళం. ఆ పైన స్ట్రాటో ఆవరణమే దానికి నేల.

ఇంత చెప్పాక సమస్య తీరిపోయిందనిపిస్తుంది. నిజానికి అది చోటు మార్చుకుంది, అంతే. మేఘాల వాతావరణం నుంచి స్ట్రాటో ఆవరణపు వాతావరణానికి వెళ్ళింది. అక్కడి ఉష్ణోగ్రత 210 కెల్విన్ల నుంచి 250 కెల్విన్లకు పెరిగితే 15 మైక్రాన్ల ప్రకాశం రెట్టింపవుతుంది. కిటికీలోని 13 రెట్లతో పోలిస్తే ఇది ఎంతో నయం, కాని సున్నా కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన లాంగ్లీ కేంద్రం ఈ విషయాన్ని ఊహకు వదలకుండా కొలవాలనుకుంది. 1966లో ప్రాజెక్ట్ స్కానర్ పేరుతో రాకెట్ల మీద రేడియోమీటర్లను కక్ష్యకు చేరని ఎత్తులకు పంపింది. ఒకటి వేసవిలో, ఇంకొకటి చలికాలంలో. కార్బన్ డయాక్సైడ్ పట్టీలోనూ, నీటి ఆవిరి పట్టీలోనూ భూమి అంచు మీద ప్రకాశం ఎత్తును బట్టి ఎలా తగ్గుతుందో ఆ ప్రయాణాలు గీసి చూపాయి. రెండు రుతువులను ఎంచుకోవడంలోనే ఆ రూపకర్తల అవగాహన కనిపిస్తుంది. అంచు ఎలా ఉంటుందని కాక, ఎంత మారుతుందని వాళ్ళు అడిగారు. సెన్సర్ కచ్చితత్వానికి సంబంధించిన అసలు ప్రశ్న అప్పటి నుంచీ అదే.

అంచు అనే మాటే కొంత మోసం చేస్తుంది. అక్కడ గీత ఏమీ లేదు, ఒక వాలు ఉంది. 15 మైక్రాన్లలో చూస్తే, చూపు నేలకు 30 కిలోమీటర్ల ఎత్తున పోతున్నప్పుడు ప్రకాశం ఇంచుమించు నిండుగా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ పలచబడుతూ 60 కిలోమీటర్లు దాటేసరికి దాదాపు కనుమరుగవుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహం నుంచి క్షితిజం దూరం సుమారు 2,575 కిలోమీటర్లు. అంటే అంచు ఒక కిలోమీటరు పైకో కిందికో జరిగితే సెన్సర్‌కు 0.022 డిగ్రీ తేడా వస్తుంది. ముప్పై కిలోమీటర్ల వాలు దానికి 0.67 డిగ్రీ వెడల్పున్న మసక. అందులో నుంచి 0.1 డిగ్రీ కచ్చితత్వం రాబట్టడమంటే, ఆ మసకలో ఒకే చోటును ప్రతిసారీ, ప్రతి రుతువులో, ప్రతి అక్షాంశంలో నాలుగైదు కిలోమీటర్లలోపే పట్టుకోవడమన్నమాట. ఇదే సెన్సర్‌ను భూస్థిర కక్ష్యకు తీసుకెళ్తే కథ మారిపోతుంది. అక్కడి నుంచి క్షితిజం దాదాపు 41,700 కిలోమీటర్ల దూరం. కిలోమీటరు తేడాకు కోణం 0.0014 డిగ్రీ మాత్రమే. గాలి అదే, వాలు అదే, దోషం పదహారో వంతు. అందుకే కచ్చితత్వం అంకె చెప్పేముందు కక్ష్య పేరు చెప్పాలి. ఎత్తు చెప్పకుండా వేసిన అంకెకు ప్రకటన పత్రంలో తప్ప విలువ ఉండదు.

వాలు మీద చోటు పట్టుకునే పని సెన్సర్‌లోని ఎలక్ట్రానిక్ తర్కానిది. అన్నిటికంటే సులువైన పద్ధతి ఒక స్థిరమైన హద్దు పెట్టుకోవడం. సంకేతం ఈ వోల్టేజీ దాటితే భూమి వచ్చినట్టు అని. ధ్రువపు చలికాలంలో భూమి మసకబారినప్పుడు సంకేతం ఆ హద్దును ఆలస్యంగా దాటుతుంది, అంచు కిందికి జరిగినట్టు కనిపిస్తుంది. ఇంతకంటే తెలివైన పద్ధతి, హద్దును ఆ క్షణపు గరిష్ఠ సంకేతంలో ఇంత వంతు, ఉదాహరణకు సగం, అని పెట్టుకోవడం. ప్రకాశం మొత్తంగా తగ్గినా పెరిగినా సగం సగమే కాబట్టి దోషంలో పెద్ద భాగం రద్దవుతుంది. వాలు ఆకారమే మారితే మాత్రం ఇదీ సరిదిద్దలేదు. స్ట్రాటో ఆవరణం వేడెక్కినప్పుడు ప్రకాశం పెరగడంతో ఆగదు. గాలి వ్యాకోచించి పొరలు మందమవుతాయి, అదే పీడనమున్న గాలి కొన్ని కిలోమీటర్లు పైకి లేస్తుంది. అది ప్రకాశంలో మార్పు కాదు, నిజంగా అంచే జరగడం. ఏ తర్కమూ దాన్ని దాచలేదు. 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్‌హాగ్ కనిపెట్టిన హఠాత్ స్ట్రాటో తాపనం ఈ రకం మార్పుకు పరాకాష్ఠ. శీతాకాలపు ధ్రువం మీద కొద్ది రోజుల్లోనే ఉష్ణోగ్రత పదుల డిగ్రీలు ఎగబాకుతుంది. ఉత్తరార్ధగోళంలో అది తరచుగా వచ్చేదే. దక్షిణాన పెద్దది రాదనుకుంటుండగా 2002 సెప్టెంబరులో అంటార్కిటికా మీద వచ్చింది. సగటు వాతావరణ పట్టికలు నింపుకుని ఎగిరే ఉపగ్రహానికి అలాంటి వారం పరీక్ష వారమే.

ఎదురెదురు అంచులను కొలిచి సగటు తీస్తే ఇవన్నీ పోవా అని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే, సగం నిజం కూడా. భూమి అన్ని వైపులా సమానంగా ఉబ్బితే భూకేంద్రం దిశ మారదు. కాని రెండు వైపులా సమానంగా ఉబ్బడం అరుదు. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి క్షితిజం, ఉపగ్రహానికి సరిగ్గా కిందున్న చోటుకు నేల మీద 22 డిగ్రీల చాపం దూరంలో ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా తిరిగే ఉపగ్రహానికి ముందు అంచూ వెనక అంచూ 44 డిగ్రీల అక్షాంశం ఎడంగా ఉంటాయన్నమాట. శ్రీహరికోట మీదుగా ఉత్తరానికి పోతున్న ఉపగ్రహానికి ముందు అంచు ఇంచుమించు కారకోరం అక్షాంశంలో, వెనక అంచు భూమధ్యరేఖకు అవతల దక్షిణాన 8 డిగ్రీల దగ్గర తగులుతుంది. జనవరిలో ఆ రెండు చోట్లా ఒకే స్ట్రాటో ఆవరణం ఉండదు. ఒక అంచు 5 కిలోమీటర్లు తప్పితే సగటులో ఆ తప్పు సగమవుతుంది, 0.056 డిగ్రీ పిచ్ దోషంగా మిగులుతుంది. భూస్థిర కక్ష్యలో జ్యామితి ఇంకా కఠినం. ఉత్తరపు కొస అంచు 81 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, దక్షిణపు కొస 81 డిగ్రీల దక్షిణాన. ఒక ధ్రువం దీర్ఘ రాత్రిలో ఉంటే రెండోది ఎండలో ఓజోన్ వేడితో కాగుతుంటుంది. ఆ రెండు అంచులూ ఎప్పటికీ ఎదురు రుతువుల్లోనే ఉంటాయి, జూన్‌లో ఒకవైపు మొగ్గే తప్పు డిసెంబరులో రెండోవైపు మొగ్గుతుంది. అందుకే అక్కడి సెన్సర్లు చాలా వరకు ధ్రువపు కొసలను తాకకుండా, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి చొప్పున భూగోళానికి అడ్డంగా తూర్పు పడమరలుగా గీతలు గీస్తూ అంచులు పట్టుకుంటాయి. కొంత తెలివి పరికరం లోపల కాక, అది ఎక్కడ చూడాలో నిర్ణయించడంలో ఉందని ఇది చూపిస్తుంది.

పరికరం సొంత దోషాలు లేవని కాదు. శంకువు ఆకారంలో చూపు తిప్పే రకంలో ఒక పట్టకమో అద్దమో గిర్రున తిరుగుతూ, ఒక చుట్టులో ఒకసారి భూమిలోకి ప్రవేశించి ఒకసారి బయటపడుతుంది. భూమి మీద గడిపిన వెడల్పు ఒక కోణాన్నీ, ఆ వెడల్పు మధ్యబిందువు ఇంకో కోణాన్నీ ఇస్తాయి. జెర్మేనియం కటకం వెనక కూర్చునే థర్మిస్టర్ బోలోమీటర్ వేడికి స్పందించడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. నిమిషానికి 120 చుట్లు తిరిగే చూపు ఒక మిల్లీసెకనులో 0.72 డిగ్రీ జరిగిపోతుంది. దీన్ని సరిదిద్దకపోతే ఇక స్ట్రాటో ఆవరణం గురించి మాట్లాడటమే అనవసరం. కాని ఈ ఆలస్యం స్థిరమైనది, ప్రయోగశాలలో కొలిచి తీసివేయవచ్చు. సూర్యుడు చూపు దారిలోకి వస్తే సంకేతానికి పిచ్చెక్కుతుంది. చంద్రుడు చిన్న నకిలీ భూమిలా కనిపిస్తాడు. అయితే వాళ్ళు ఎప్పుడు వస్తారో పంచాంగంలా ముందే చెప్పవచ్చు కాబట్టి ఆ కాసేపు ఆ సంకేతాన్ని పట్టించుకోవద్దని ఆదేశం పంపుతారు. ధ్రువాల దగ్గర భూమి 21 కిలోమీటర్లు అణగి ఉండటం కూడా ఈ జాతిదే. 45 డిగ్రీల అక్షాంశం మీద, 500 కిలోమీటర్ల ఎత్తున, ముందు వెనక అంచుల దగ్గర భూమి వ్యాసార్థాల్లో దాదాపు 15 కిలోమీటర్ల తేడా ఉంటుంది. పట్టించుకోకపోతే అది 0.17 డిగ్రీ దాకా దోషం. పట్టించుకుంటే సున్నాకు దగ్గర, ఎందుకంటే భూమి ఆకారం మీటర్లలో తెలుసు. ఇక్కడో చిన్న చిక్కు ఉంది. కింద అంటే భూకేంద్రమా, లేక వేలాడదీసిన గుండు చూపే నిట్టనిలువా? నేల మీద ఈ రెండు దిశలు గరిష్ఠంగా 0.19 డిగ్రీ వేరుపడతాయి. ఏది అడుగుతున్నామో తేల్చుకోకుండా సెన్సర్‌ను తప్పు పట్టిన సందర్భాలకు ఈ చిక్కే చాలు. తెలిసిన దోషాలను పక్కన పెడుతూ పోతే చివరికి గాలే మిగులుతుంది.

ఇంకో ఆక్షేపణ కూడా తరచుగా వినిపిస్తుంది: ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే ఎంత కచ్చితత్వమైనా వస్తుంది కదా అని. డిటెక్టర్ రొద విషయంలో ఇది అక్షరాలా నిజం. ఒక్క చుట్టుకు 0.05 డిగ్రీ రొద ఉన్నా, వంద చుట్లు కలిపితే అది 0.005కు పడిపోతుంది. సెకనుకు రెండు చుట్లయితే ఇందుకు యాభై సెకన్లు చాలు. కాని ఆ యాభై సెకన్లలో ఉపగ్రహం 380 కిలోమీటర్లే ముందుకు వెళ్ళింది. స్ట్రాటో ఆవరణపు చలి గుంటలు, వెచ్చని ముద్దలు వేల కిలోమీటర్ల వెడల్పున ఉంటాయి. వంద కొలతలూ ఒకే తప్పును వందసార్లు చెప్పాయి, అంతే. కక్ష్యలో ఒక చుట్టంతా, అంటే 95 నిమిషాలు, సగటు తీసినా లాభం లేదు. ఉత్తరార్ధంలో ఒకవైపు, దక్షిణార్ధంలో ఇంకోవైపు పడే దోషం మళ్ళీ మళ్ళీ అదే క్రమంలో తిరిగి వస్తుంది. సగటు సున్నా అయినంత మాత్రాన ఏ ఒక్క క్షణపు దోషమూ సున్నా కాదు. సెన్సర్ తయారీదారు ఇచ్చే అంకెల్లో రొదను విడిగా, క్రమ దోషాన్ని విడిగా చెప్పారో లేదో చూడటం వాడకందారు చేయాల్సిన మొదటి పని. ఆ రెంటినీ వర్గాల మొత్తంగా కలిపేసి ఒకే అంకెగా చూపితే, సగటు తీయడంతో పోయేదీ పోనిదీ ఒక్క గంపలో పడతాయి.

తప్పు మూలం పరికరం కాదు, గాలి అనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం దిగ్విన్యాస రంగానికి బయటి నుంచి వచ్చింది. 1975లో నింబస్-6 ఉపగ్రహం మీదా, 1978 అక్టోబరులో నింబస్-7 మీదా ఎగిరిన పరికరాలు సరిగ్గా ఇదే అంచును, ఇదే 15 మైక్రాన్ల పట్టీలో చూశాయి. రెండోదాని పేరు లిమ్స్. దానికి ఉపగ్రహం ఎటు వాలిందన్నది కాదు కావలసింది. అంచు మీద ప్రకాశం ఎత్తుతో పాటు ఎలా మారుతోందో చూసి స్ట్రాటో ఆవరణపు ఉష్ణోగ్రతలను లెక్కకట్టడమే దాని పని. ఆ పని అది మే 1979 దాకా, డిటెక్టర్లను చల్లబరిచే గడ్డకట్టించిన వాయువు అయిపోయేవరకు, బాగా చేసింది. క్షితిజ సెన్సర్ నిపుణులు దోషం అనే దాన్ని వాతావరణ శాస్త్రజ్ఞులు కొలత అన్నారు. ఒకే వాలులో వాళ్ళకు ఉష్ణోగ్రత చదవడం సాధ్యమైందంటే, ఆ వాలు ఉష్ణోగ్రతతో గట్టిగా మారుతుందనే అర్థం. దీని నుంచి ఒక ఉపాయం కూడా పుడుతుంది. ఆ రోజు స్ట్రాటో ఆవరణం ఎలా ఉందో వాతావరణ నమూనాల నుంచి తెచ్చుకుని సెన్సర్ లెక్కను సవరిస్తే, తక్కువ ఎత్తు కక్ష్యలో కూడా దోషం 0.1 డిగ్రీకి బాగా లోపలికి వస్తుంది. అంటే కచ్చితత్వం పెరగడానికి మంచి కటకం కంటే మంచి వాతావరణ పట్టిక ఎక్కువ పనికొస్తుంది. పరికరాల తయారీ రంగంలో ఇలాంటి మాట వినడం అరుదు.

స్థిర రకం సెన్సర్ల విషయంలో నాసా, జపాన్ అంతరిక్ష సంస్థల ఉమ్మడి ఉపగ్రహం టీఆర్‌ఎంఎం అనుభవం గుర్తుచేసుకోదగ్గది. ఉష్ణమండలపు వానలను కొలవడానికి 1997 నవంబరులో అది 350 కిలోమీటర్ల కక్ష్యకు వెళ్ళింది. దానిలో కదలని డిటెక్టర్లు నాలుగు వైపులా భూమి అంచును చూస్తూ ఉండేవి. తిరిగే భాగాలు లేకపోవడం వల్ల అరుగుదల లేదు, ఆలస్యం చిక్కు లేదు. కాని కదలని చూపు అంటే, భూమి ఇంత పెద్దగా కనిపిస్తుందని ముందే బిగించుకున్న చూపు. ఇంధనం ఆదా చేసి ఆయుష్షు పెంచడానికి 2001 ఆగస్టులో కక్ష్యను 402 కిలోమీటర్లకు లేపారు. భూమి అర్ధవ్యాస కోణం ఒక డిగ్రీకి పైగా తగ్గింది, అంచు డిటెక్టర్ల పరిధి నుంచి జారిపోయింది. అప్పటి నుంచి సూర్య సెన్సర్లు, అయస్కాంత మాపకాలు, గైరోల కొలతలను కలిపి దిగ్విన్యాసాన్ని అంచనా వేసే కాల్మన్ ఫిల్టర్ అనే లెక్కతో ఆ ఉపగ్రహాన్ని నడిపారు. పరికరం చెడలేదు, గాలి మారలేదు, కక్ష్య మారింది. కచ్చితత్వం అంకె పక్కన ఎత్తు రాయాలని ముందు చెప్పిన మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఇప్పటి మైక్రోబోలోమీటర్ పలకలు వేల బిందువులతో అంచును బొమ్మగా పట్టుకుంటాయి కాబట్టి ఈ ఇరుకు వాటికి లేదు. అంచు వంపును మొత్తంగా చూసి ఆకారానికి సరిపెట్టుకోవడం వల్ల రొద కూడా బాగా తగ్గుతుంది. వాటి ప్రచారంలో వినిపించే సన్నని అంకెలు చాలా వరకు ఈ రొదవే. వాటిలో చాలా రకాలు 8 నుంచి 14 మైక్రాన్ల కిటికీలో పనిచేస్తాయి. చల్లబరచని పలకల సున్నితత్వం అక్కడ బాగుంటుంది, ధర కూడా తక్కువ. కాని ఆ కిటికీలోకి వెళ్ళడమంటే అరవై ఏళ్ల కిందట వదిలేసి వచ్చిన మేఘాల ఇంటికి తిరిగి వెళ్ళడమే. చిన్న ఉపగ్రహాలకు ఆ బేరం గిట్టవచ్చు. బేరమేనని తెలిసి చేయాలి.

నక్షత్ర సెన్సర్ ఉండగా ఇదంతా ఎందుకన్నది చివరి ఆక్షేపణ, అన్నిటిలోకీ బలమైనది కూడా. నక్షత్రాలకు వాతావరణం లేదు. వాటిని చూసి దిక్కు చెప్పే సెన్సర్ నిమిషం కంటే, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కంటే, తక్కువ దోషంతో మూడు కోణాలూ ఇస్తుంది. మంచివి సెకన్ల కోణంలోకి వెళ్తాయి. పోటీ కచ్చితత్వంలోనే అయితే క్షితిజ సెన్సర్ ఓడిపోయి చాలా కాలమైంది, ఒప్పుకోవాలి. ఒక ఉదాహరణ చాలు. 1972లో ఎగిరిన లాండ్‌శాట్-1 దిగ్విన్యాసం క్షితిజ స్కానర్ల ఆధారంగా 0.7 డిగ్రీ లోపు ఉండేది. దాదాపు 915 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది నేల మీద 11 కిలోమీటర్లు, అంటే సుమారు 80 మీటర్ల బొమ్మ చుక్కలు వంద పైచిలుకు. నేల మీద గుర్తులతో పోల్చి బొమ్మను సర్దుకోవడం తప్పనిసరయ్యేది. భారత ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చిలో 904 కిలోమీటర్ల కక్ష్యకు చేరింది. అక్కడి నుంచి 0.1 డిగ్రీ తప్పితే నేల మీద దాదాపు 1.6 కిలోమీటర్లు, దాని 72.5 మీటర్ల కెమెరా లెక్కలో ఇరవై రెండు చుక్కలు. బొమ్మలు తీసే ఉపగ్రహాలు నక్షత్రాల వైపు మళ్ళింది ఇందుకే. అయినా క్షితిజ సెన్సర్‌ను దించేయలేదు. నక్షత్ర సెన్సర్ దిక్కు చెబుతుందే గాని, భూమి ఎటుందో చెప్పదు. అందుకు ఉపగ్రహం తన కక్ష్యనూ గడియారాన్నీ సరిగ్గా తెలిసి ఉంచుకోవాలి. కంప్యూటర్ మళ్ళీ మొదలై జ్ఞాపకం పోయినప్పుడు, ఉపగ్రహం గిరగిరా తిరుగుతూ నక్షత్రాలు గీతలైపోయినప్పుడు, వెచ్చని వైపు భూమి అని చెప్పగలిగేది క్షితిజ సెన్సరే. అప్పుడు కావలసింది 0.01 డిగ్రీ కాదు, సరైన వైపు. బెంగళూరు పీన్యాలోని ఇస్రో విద్యుత్-దృశ్య ప్రయోగశాల నక్షత్ర సెన్సర్లతో పాటు భూసెన్సర్లనూ తయారుచేయడానికి ఈ పని విభజనే కారణం.

భరోసా గురించి మాట్లాడేటప్పుడు 1962 మే 24ను దాటవేయడం న్యాయం కాదు. వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ అరోరా-7 అనే మెర్క్యురీ గుళికలో భూమిని చుట్టి వస్తున్నాడు. పిచ్ క్షితిజ స్కానర్ యాత్ర మొదటి నుంచే తప్పు చెబుతోంది, 20 డిగ్రీలకు దగ్గరగా. దిగే వేళకు ఆటోమేటిక్ వ్యవస్థను నమ్మలేక ఆయనే చేతితో గుళికను సర్దాల్సి వచ్చింది. వెనక్కి నెట్టే రాకెట్లు మూడు సెకన్లు ఆలస్యంగా మండాయి, గుళిక యా కోణంలో 25 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది, రాకెట్ల తోపు కూడా కొంత తక్కువైంది. అనుకున్న చోటు దాటి దాదాపు 400 కిలోమీటర్ల అవతల ఆయన సముద్రంలో దిగాడు. ఆ 20 డిగ్రీలు గాలి చేసిన తప్పు కాదు, పరికరం చెడటం. ఇక్కడ చెబుతున్న వాదనకు ఇది ఎదురు సాక్ష్యంలా కనిపించవచ్చు. కాని దోషం పరిమాణం చూస్తేనే రెంటి జాతి వేరని తెలుస్తుంది. పరికరం చెడితే తప్పు పదుల డిగ్రీల్లో ఉంటుంది, దాన్ని పక్క పరికరంతో పోల్చి పట్టుకోవచ్చు. గాలి చేసే తప్పు డిగ్రీలో పదో వంతుల్లో ఉంటుంది, పక్క సెన్సర్ కూడా అదే గాలిని చూస్తుంది కాబట్టి అది కూడా అదే తప్పు చెబుతుంది. మొదటిది నమ్మకానికి సంబంధించిన సమస్య, రెండోది కచ్చితత్వానిది. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో పిలిచేవాళ్ళు రెండో సెన్సర్ పెట్టి కచ్చితత్వం పెంచామని సంతోషిస్తారు.

చివరగా, ఈ అంచు రుతువులతోనే కాదు, దశాబ్దాలతో కూడా కదులుతోంది. 1958లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. వాయువు చిక్కబడితే అదే మందం తెర ఇంకాస్త పైన ఏర్పడుతుంది. గాలి సాంద్రత ఏడు కిలోమీటర్లకు ఒకసారి సుమారు మూడో వంతుకు పడిపోతుందన్న ముతక లెక్కతో చూస్తే, 15 మైక్రాన్ల అంచు ఈ అరవై పై చిలుకు ఏళ్లలో ఒకటి రెండు కిలోమీటర్లు పైకి జరిగి ఉండాలి. ఇదే వాయువు స్ట్రాటో ఆవరణాన్ని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి కుంచించుకుపోతుంది కాబట్టి ఆ పెరుగుదలలో కొంత భాగం వెనక్కి పోతుంది, ప్రకాశం కూడా కాస్త తగ్గుతుంది. రెండు వైపులా ఒకేలా జరిగే ఈ మార్పు భూకేంద్రం దిశను కదపదు. పిచ్, రోల్ లెక్కల్లో అది దాదాపు కనిపించదు. ఒకే అంచును చూసి కోణం చెప్పే సెన్సర్లకూ, భూమి వెడల్పును బట్టి ఎత్తు లెక్కకట్టే పద్ధతులకూ మాత్రం 500 కిలోమీటర్ల దగ్గర అది 0.02 నుంచి 0.04 డిగ్రీ. 1966 నాటి రాకెట్లు గీసిచ్చిన వాలును ఈనాటి సెన్సర్ లెక్కలో అలాగే వాడితే ఆ తేడా అందులో చేరుతుంది.